పావు తక్కువ మూడు: మిశ్రమ భిన్నాల లెక్క ఎక్కడ తడబడుతుంది

6 1/6 లోంచి 3 3/4 తీసివేయాలి. ఆరో తరగతి పిల్లల ముందు ఈ లెక్క పెడితే తరచుగా మూడు రకాల జవాబులు కనిపిస్తాయి. ఒక నోటుపుస్తకంలో 3 7/12 అని ఉంటుంది. ఇంకొకదానిలో 2 3/12, దాన్ని కుదించి 2 1/4. మరొకదానిలో 2 5/12. సరైనది చివరిది. మొదటి రెండూ తప్పే, కానీ రెండూ ఒకే తప్పు కాదు. దిద్దేటప్పుడు మాత్రం రెండింటికీ ఒకే ఎర్ర ఇంటూ పడుతుంది. పిల్లలకు జరిగే నష్టం చాలా వరకు ఆ ఇంటూలోనే ఉంది.

ముగ్గురూ ఏం చేశారో దగ్గరగా చూస్తే సగం దారి ఒకటే. హారాలు 6, 4 కాబట్టి క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం, అంటే రెండు హారాలతోనూ శేషం లేకుండా భాగించగలిగిన అతి చిన్న సంఖ్య) 12 అని ముగ్గురూ సరిగ్గానే పట్టుకున్నారు. 1/6ను 2/12గా, 3/4ను 9/12గా మార్చారు. రెండులోంచి తొమ్మిది పోదని తెలిసిన చోట దారులు చీలాయి. మొదటి పిల్లవాడు ‘తొమ్మిదిలోంచి రెండు పోతుంది కదా’ అని లెక్కనే తిరగేశాడు, 7/12 వచ్చింది. రెండో అమ్మాయి పక్కనున్న ఆరు దగ్గర ఒకటి అప్పు తెచ్చుకుంది. చిన్న తరగతుల నుంచి చేతికి పట్టిన అలవాటు ప్రకారం దాన్ని పదిగా లెక్కించి రెండుకు కలిపింది. పన్నెండులోంచి తొమ్మిది పోగా 3/12 మిగిలింది. మూడో పిల్లవాడు తెచ్చిన ఒకటిని పన్నెండు ముక్కలు చేశాడు. పద్నాలుగులోంచి తొమ్మిది పోతే అయిదు.

క.సా.గు. కట్టడమే ఈ పాఠంలో కష్టమైన మెట్టు అని సాధారణంగా అనుకుంటారు. గైడ్లు, ట్యూషన్లు, ఇంట్లో పెద్దలు అందరూ దాని మీదే పడతారు. పై మూడు నోటుపుస్తకాలు వేరే మాట చెబుతున్నాయి. క.సా.గు. ముగ్గురికీ వచ్చింది. అప్పు తెచ్చిన ఒకటిలో ఎన్ని ముక్కలున్నాయి అన్న ప్రశ్న దగ్గర ఇద్దరు ఆగిపోయారు. హారం అంటే గీత కింద రాసే అంకె అని మాత్రమే తెలిస్తే ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. ముక్క సైజుకు పెట్టిన పేరే హారం అని తెలిస్తే ఆ ప్రశ్నే పుట్టదు.

గిద్దె, సోల, కుంచం

ఈ మాట బోర్డు మీద కంటే వంటింట్లో తేలిగ్గా అర్థమవుతుంది. మూడు గిద్దెల నూనె, ఒక సోల నూనె కలిపితే నాలుగు అని ఏ ఇంట్లోనూ అనరు. ‘నాలుగు ఏమిటి?’ అని వెంటనే అడుగుతారు. సోలకు నాలుగు గిద్దెలు కాబట్టి మొత్తం ఏడు గిద్దెలు, లేదా ఒక సోలా మూడు గిద్దెలు. హారాలు వేరైన భిన్నాల కూడిక అంటే ఇదే. పెద్ద ముక్కను చిన్న ముక్కల్లోకి మార్చి, పేర్లు ఒకటయ్యాక కలపడం. 3/4 + 1 అని రాసినప్పుడు కంగారుపడే పిల్లవాడు గిద్దెల దగ్గర తడబడడు, ఎందుకంటే అక్కడ ముక్కకు పేరుంది, చేతిలోకి వచ్చే పాత్ర ఉంది.

పాత కొలతల వరుసను ఒకసారి పూర్తిగా చెప్పుకోవడం దండగ కాదు. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. కుంచంలో 64 గిద్దెలన్న మాట. డబ్బు లెక్క కూడా అచ్చంగా అలాగే నడిచేది. రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు కానులు, మళ్లీ 64. పావలా నాలుగో వంతు, బేడ ఎనిమిదో వంతు, అణా పదహారో వంతు. భాషలోనూ అదే వరుస: అర, పావు, పరక అంటే ఎనిమిదో వంతు, వీసం అంటే పదహారో వంతు. రాతలోనూ అదే. నాలుగో వంతు, పదహారో వంతు, అరవై నాలుగో వంతు అనే మెట్లలో భిన్నాలు రాయడానికి తెలుగు లిపికి ప్రత్యేకంగా అంకెలే ఉండేవి. ఇప్పుడు వాటిని గుర్తుపట్టేవారు అరుదు కానీ 2008లో యూనికోడ్‌లో వాటికి స్థానం దొరికింది. ఫోనులో తెలుగు రాసేవారిలో ఎంతమందికి అవి అవసరమవుతాయో వేరే సంగతి.

ఈ వ్యవస్థలో ఒక సుఖం ఉంది. చిన్న పాత్ర ఎప్పుడూ పెద్ద పాత్రను శేషం లేకుండా కొలుస్తుంది. పావు, పరక కలపాలంటే పరకల్లో చెప్పుకుంటే చాలు. పరక, వీసం కలపాలంటే వీసాల్లో చెప్పుకుంటే చాలు. రెండు హారాల్లో పెద్దదే ఉమ్మడి హారం. క.సా.గు. అనే మాటతో పనే లేదు. వీధిబళ్లలో పావు, అర, ముప్పావు ఎక్కాలు వల్లె వేసిన తరం సంతలో నోటితో లెక్క తేల్చేసేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజమే కానీ ఆ తరం తెలివికి తోడు కొలతలు కూడా సాయం చేశాయని గుర్తుంచుకోవాలి. రెండుకు రెట్టింపులే తప్ప వేరే హారాలు వాళ్ల దారికి పెద్దగా అడ్డం రాలేదు.

1957 ఏప్రిల్ 1న రూపాయి వంద పైసలైంది. పావలా పాతిక పైసలుగా బతికింది, 2011 జూన్ 30 దాకా చెలామణిలో ఉంది. బేడకు మాత్రం పన్నెండున్నర పైసలు, అణాకు ఆరుంపావు పైసలు లెక్క తేలింది. వంద అనే సంఖ్య రెండు సార్లే సగమవుతుంది, ఆ తరవాత విరుగుతుంది. పావు దాకా నిలిచిన మాటలు పరక దగ్గర ఎందుకు జారిపోయాయో చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలేమో.

మరి మూడో వంతు? అర, పావు, ముప్పావులకు ఉన్నట్టు దానికి వాడుకలో ఏకపదం లేదు. ‘మూడో వంతు’ అని రెండు మాటల్లో చెప్పుకోవాల్సిందే. ‘వంతు’ అన్న మాటే దాని పుట్టుక చెబుతుంది. అది కొలపాత్రలో పుట్టలేదు, పంపకంలో పుట్టింది. ముగ్గురు అన్నదమ్ములు ఎకరం పొలం పంచుకుంటే మూడో వంతు వస్తుంది. ఎకరానికి వంద సెంట్లు. కాగితం మీద 33, 33, 34 అని రాసుకుని, ఆ ఒక్క సెంటు దగ్గర ఏళ్ల తరబడి మాట పట్టింపులు నడిపే కుటుంబాలు ఎక్కడైనా ఉంటాయి. 1/3 అని రాస్తే తగువుండదు, కొలిచే గొలుసు దగ్గరే తగువు.

పిల్లలకు బడిలో ఎదురయ్యే కష్టం ఇక్కడ మొదలవుతుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న పావు, అర, ముప్పావు ఒక కుటుంబం. బడిలో 1/3, 2/5, 5/6 వచ్చి చేరతాయి. వీటికి ఇంట్లో చుట్టాలు లేరు. పావు ముక్కలతో మూడో వంతును కొలవలేం, మూడో వంతుతో పావును కొలవలేం. రెండింటినీ కొలిచే ఇంకా చిన్న ముక్క కావాలి. క.సా.గు. అవసరం పుట్టేది అందుకే. ఈ అవసరాన్ని చూపించకుండా, హారాలను నిలువు గీతకు పక్కన రాసి 2తో, 3తో కొట్టుకుంటూ పోయే పద్ధతి నేర్పిస్తే, పిల్లలు పద్ధతి నేర్చుకుంటారు, అవసరం తెలుసుకోరు.

భారతీయ గణితంలో ఈ అవసరం చాలా ముందే గుర్తింపు పొందింది. సుమారు 850 నాటి మహావీరాచార్యుడు భిన్నాల కూడికలో హారాల కనిష్ఠ సామాన్య గుణిజాన్ని ‘నిరుద్ధం’ అన్నాడు. ఆయన గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. కాబట్టి తెలుగులో లెక్కల పుస్తకం అంటూ మొదలైనప్పటి నుంచీ ఈ పాఠం తెలుగువారికి పక్కనే ఉంది. 1150 నాటి భాస్కరాచార్యుడి లెక్కల్లో మిశ్రమ భిన్నాలకు రెండు పేర్లు కనిపిస్తాయి. పూర్ణసంఖ్యకు భాగం తగిలించినది భాగానుబంధం, పూర్ణసంఖ్య నుంచి భాగం తగ్గించినది భాగాపవాహం. రెండుంముప్పావు అంటే మొదటి రకం. పావు తక్కువ మూడు అంటే రెండో రకం. విలువ ఒకటే, చూపు వేరు. నేటి పాఠ్యపుస్తకంలో మొదటిది మాత్రమే మిగిలింది. రెండోది మాటల్లో బతుకుతోంది: పావు తక్కువ పది, అర్ధరూపాయి తక్కువ ఇరవై. తీసివేతలో దీని ఉపయోగం ఎంతో కాసేపట్లో తెలుస్తుంది.

ఆ కాలంలో రాసే పద్ధతి కూడా ముచ్చటగా ఉండేది. పూర్ణసంఖ్య పైన, దాని కింద లవం (ఇప్పుడు గీత పైన రాసే అంకె), ఆ కింద హారం, మధ్య గీత లేకుండా నిలువుగా మూడు అంతస్తులు. ఇప్పుడు పూర్ణసంఖ్య పక్కకు జరిగింది. 2 3/4 అని పక్కపక్కన చూసే పిల్లలు కొందరు మధ్యలో గుణకారం ఉందనుకుంటారు. బీజగణితంలోకి వెళ్లాక పక్కపక్కన రాస్తే గుణకారమే కాబట్టి ఆ అనుమానం ఇంకా ముదురుతుంది. 2 3/4 అంటే 2కు 3/4 కలిపినది. కనిపించని ఆ కూడిక గుర్తును మొదటి వారం రోజులూ రాయించడమే మేలు.

గంటస్తంభం మీది పన్నెండు గళ్లు

మూడో వంతు, పావు ఒకే చోట కలిసే వస్తువు కోసం ఎక్కడికో వెళ్లనక్కరలేదు. విజయనగరం గంటస్తంభం వైపు తలెత్తి చూస్తే చాలు. గడియారం ముఖం మీద పన్నెండు అంకెలు, వాటి మధ్య పన్నెండు ఖాళీలు. పెద్దముల్లు ఒక అంకె నుంచి తరవాతి అంకెకు వెళ్తే అయిదు నిమిషాలు, అంటే గంటలో పన్నెండో వంతు. పావుగంట అంటే మూడు గళ్లు. ఇరవై నిమిషాలు, అంటే గంటలో మూడో వంతు, నాలుగు గళ్లు. 1/4 + 1/3 ఎంత? మూడు గళ్లు, నాలుగు గళ్లు, వెరసి ఏడు గళ్లు: 7/12. క.సా.గు. పన్నెండు అని ఎవరూ చెప్పలేదు. అది గడియారం మీదే ఉంది.

ఇదే గడియారంతో మిశ్రమ భిన్నాలూ కూడవచ్చు. ఒక ప్రయాణంలో మొదటి బస్సు 1 1/3 గంట, రెండోది 2 3/4 గంటలు పట్టిందనుకుంటే, గంటలు 1, 2 కలిపి 3. గళ్లు 4, 9 కలిపి 13. పన్నెండు గళ్లు దాటగానే ముల్లు ఒక చుట్టు పూర్తి చేస్తుంది, అంటే ఒక గంట పైకి వెళ్తుంది. జవాబు 4 1/12 గంటలు, నాలుగు గంటల అయిదు నిమిషాలు. 13/12 అనే అపక్రమ భిన్నాన్ని, అంటే లవం హారం కంటే పెద్దదైన భిన్నాన్ని, 1 1/12గా మార్చమని పుస్తకం చెప్పే నియమం ఇక్కడ ముల్లు తిరగడంలోనే కనిపిస్తోంది.

గంటకు అరవై నిమిషాలు కాబట్టి అయిదో వంతు, ఆరో వంతు, పదో వంతు కూడా చక్కగా వస్తాయి. ఏడో వంతు రాదు. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి ఉంది కానీ గడియారంలో ఏడో వంతు లేదు. అక్కడికి వచ్చేసరికి కాగితం, కత్తెర తీయాల్సిందే.

కాగితం అంటే గుర్తొచ్చే మరో విషయం, పుస్తకాల్లో బొమ్మలు. భిన్నాలకు ఎక్కువగా గుండ్రటి రొట్టె బొమ్మ వేస్తారు. ఒకే భిన్నాన్ని చూపడానికి అది బాగుంటుంది. రెండు వేరు హారాలను ఒకే వృత్తంలో కోయడం పెద్దవాళ్లకే కష్టం. వేరుసెనగ పప్పుచెక్క లాంటి దీర్ఘచతురస్రం తీసుకుంటే పని తేలిక. అడ్డంగా మూడు వరుసలు, నిలువుగా నాలుగు వరుసలు గాట్లు పెడితే పన్నెండు ముక్కలు. ఒక అడ్డ వరుస మొత్తం చెక్కలో మూడో వంతు, అందులో నాలుగు ముక్కలు. ఒక నిలువు వరుస పావు, అందులో మూడు ముక్కలు. 1/3 = 4/12 అని, 1/4 = 3/12 అని ముక్కలే చెబుతాయి. లవాన్నీ హారాన్నీ ఒకే సంఖ్యతో గుణిస్తే విలువ ఎందుకు మారదో కూడా ఇక్కడే తేలుతుంది. ముక్కల సంఖ్య నాలుగింతలైంది, ప్రతి ముక్కా నాలుగో వంతుకు చిన్నదైంది, తినే చెక్క మాత్రం అంతే.

ఈ చెక్క పద్ధతిలో ఒక లోపం ఉంది. హారాలు 6, 8 అయితే ఆరు ఎనిమిదుల నలభై ఎనిమిది ముక్కలు వస్తాయి, 24 చాలినప్పటికీ. 48తో చేసినా జవాబు తప్పు కాదు, చివర్లో కుదించుకుంటే సరి. కానీ అంకెలు పెరిగిన కొద్దీ గుణకారంలో జారిపడే అవకాశం పెరుగుతుంది. క.సా.గు.కు నిలువు భాగాహారం కంటే సులువైన దారి, పెద్ద హారం ఎక్కం చదువుకుంటూ పోవడం. ఎనిమిది, పదహారు, ఇరవై నాలుగు. ఆరుతో భాగించగలిగిన మొదటి చోట ఆగాలి. ప్రాథమిక తరగతుల్లో వచ్చే హారాలకు ఇది రెండు మూడు అడుగుల్లో అయిపోతుంది.

అన్నిటినీ అపక్రమ భిన్నాలు చేయాలా?

8 5/6 + 7 3/8 తీసుకోవచ్చు. చాలా తరగతుల్లో చెప్పే పద్ధతి ఇది: ముందు రెండింటినీ అపక్రమ భిన్నాలుగా మార్చు. 53/6, 59/8. తరవాత హారం 24 చేయి. 212/24, 177/24. కలుపు, 389/24. ఇప్పుడు 389ని 24తో భాగించు, 16 సార్లు పోయి 5 శేషం. జవాబు 16 5/24. తప్పేమీ లేదు. కానీ ఎనిమిదీ ఏడూ పదిహేను అని కంటికి కనిపిస్తున్న లెక్కలో 389 దాకా ఎక్కి మళ్లీ దిగిరావడం, విజయనగరం నుంచి పక్కనే ఉన్న రామతీర్థం వెళ్లడానికి విశాఖపట్నం మీదుగా తిరిగి రావడం లాంటిది.

పూర్ణసంఖ్యలను పక్కన ఉంచితే: 8, 7 కలిపి 15. 5/6 అంటే 20/24, 3/8 అంటే 9/24, కలిపి 29/24. అందులో 24 ముక్కలు ఒకటిగా కట్టుకుని పైకి వెళ్తే 16, మిగిలినవి 5. అదే జవాబు. చేసిన గుణకారాలన్నీ ఎక్కాల పరిధిలోనే ఉన్నాయి. పైగా లెక్క మొదలుపెట్టకముందే జవాబు 16 దగ్గర ఉంటుందని తెలుస్తోంది, ఎందుకంటే 5/6, 3/8 రెండూ కలిస్తే ఒకటికి కాస్త ఎక్కువ.

అపక్రమ భిన్నాల పద్ధతిని సమర్థించేవారికి ఒక బలమైన కారణం ఉంది. అందులో అప్పు తెచ్చుకునే గొడవ లేదు. 37/6 లోంచి 15/4 తీసివేయాలంటే 74/12 లోంచి 45/12 తీసేస్తే 29/12, అంతే. తడబడే మెట్టును పక్కకు పెట్టి పరీక్షలో మార్కులు దక్కించుకోవచ్చు. గుణకారం, భాగహారం వచ్చేసరికి ఎలాగూ అపక్రమ భిన్నాలు కావాలి. ఇదంతా ఒప్పుకోవాల్సిందే. కానీ తడబడే మెట్టును దాటించడం వేరు, దాని పక్కనుంచి తీసుకెళ్లడం వేరు. 29/12 వచ్చిన పిల్లవాడికి తన జవాబు రెండున్నర దగ్గర ఉందని ఆ క్షణంలో తెలియదు. గుణకారంలో ఎక్కడో జారి 92/12 వచ్చినా అంతే నిశ్చింతగా రాసేస్తాడు. సంఖ్య ఎంత పెద్దదన్న స్పృహ పోవడమే ఈ పద్ధతికి పడే ఖరీదు.

ఆ స్పృహ పోతే ఏమవుతుందో చూపిన పాత ప్రశ్న ఒకటి ఉంది. 1978లో అమెరికాలో జాతీయ స్థాయి విద్యా మదింపులో 13 ఏళ్ల పిల్లలను 12/13, 7/8 కలిపితే సుమారు ఎంత అని అడిగారు. ఇచ్చిన సంఖ్యలు 1, 2, 19, 21. రెండు భిన్నాలూ దాదాపు ఒకటే కాబట్టి జవాబు 2. దాన్ని ఎంచుకున్నది 24 శాతమే. సగానికి పైగా పిల్లలు లవాలు కలిపి 19, లేదా హారాలు కలిపి 21 అన్నారు. దేశం వేరు, భాష వేరు, జబ్బు ఒకటే. పరకలూ వీసాలూ పోయిన తెలుగు పిల్లలకు ఆ జబ్బు తగలదనుకోవడానికి కారణం లేదు.

తీసివేతకు తిరిగి వస్తే, అప్పు తెచ్చుకునే పద్ధతి ఒక్కటే దారి కాదు. 5 1/4 లోంచి 2 2/3 తీయాలి. కొట్లో చిల్లర ఇచ్చేవాళ్లు చేసేది ఇక్కడ పనికొస్తుంది. వాళ్లు తీసివేయరు, కూర్చుకుంటూ పోతారు. 2 2/3 నుంచి 3 దాకా 1/3. మూడు నుంచి అయిదు దాకా 2. అయిదు నుంచి 5 1/4 దాకా 1/4. మొత్తం 2, 1/3, 1/4. గడియారంలో చూసిన ఏడు గళ్లే ఇక్కడా వచ్చాయి: 2 7/12. తీసివేత కూడికగా మారింది, అప్పు అవసరమే రాలేదు.

భాస్కరుడి రెండో రకం చూపు ఇంకా పొట్టి దారి. 2 2/3 అంటే మూడో వంతు తక్కువ మూడు. 5 1/4 లోంచి మూడు తీసేస్తే 2 1/4. మూడో వంతు ఎక్కువ తీశాం కాబట్టి దాన్ని తిరిగి కలపాలి: 2 1/4 + 1/3 = 2 7/12. ‘పావు తక్కువ’ అనే మాట రోజూ వినే పిల్లలకు ఇది కొత్త నియమం కాదు, తెలిసిన మాటే. తెలిసిన మాటను లెక్కల పీరియడ్‌లోకి రానివ్వకపోవడం వింతగానే ఉంటుంది.

ఇంకో చిన్న చిక్కు. 7 లోంచి 2 5/6 తీయమంటే చాలామంది 5 5/6 రాస్తారు. పై సంఖ్యలో భిన్నం లేదు కాబట్టి కింది భిన్నాన్ని అలాగే దించేస్తారు. ఏడుకు పక్కన 0/6 రాయిస్తే చాలు, సున్నాలోంచి అయిదు పోదని కనిపిస్తుంది. ఏడును 6 6/6 చేస్తే జవాబు 4 1/6.

పలాస చుట్టుపక్కల బడుల్లో గడియారంతో పాటు ఇంకో వస్తువు దొరుకుతుంది, జీడిపిక్కల బస్తా. అక్కడ పిక్కల ధర 80 కిలోల బస్తాకు చెబుతారు. 2 3/4 బస్తాలు, 1 2/5 బస్తాలు కలిపితే? భిన్నాల్లో చేస్తే ఉమ్మడి హారం 20. 15/20, 8/20 కలిపి 23/20, జవాబు 4 3/20 బస్తాలు. కిలోల్లో చేస్తే 220, 112 కలిపి 332. నాలుగు బస్తాలకు 320 పోతే 12 కిలోలు మిగిలాయి. 80లో 12 అంటే 3/20. రెండు దారులూ ఒకే చోటికి చేరాయి. ఇంట్లో పిక్కల వ్యాపారం ఉన్న పిల్లలు రెండో దారిలో క్షణంలో చెప్పేస్తారు, అదే లెక్క బోర్డు మీద 2 3/4 + 1 2/5 అని కనిపిస్తే ఆగిపోతారు. కిలో అనేది తాము వాడిన ఉమ్మడి హారమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. బస్తా కూడా మూడో వంతుకు లొంగదు, 26 కిలోల మీద ఇంకా చిల్లర పడుతుంది. ప్రతి వస్తువుకూ దానికి నచ్చే హారాలు కొన్ని ఉంటాయి. టీచరు అంకెలు ఎంచుకునేటప్పుడు చూసుకోవాల్సింది అదే.

అంకెల ఎంపిక తప్పులు కనిపెట్టడానికి కూడా ముఖ్యమే. ఇందాకటి 5 1/4 − 2 2/3 లెక్కనే పరీక్షలో ఇస్తే, భాగాలు 3/12, 8/12. తిరగేసే పిల్లవాడికి 8 − 3, అంటే 5. పది అప్పు తెచ్చే పిల్లకు 13 − 8, అదీ 5. రెండు వేరు తప్పులూ 5/12 దగ్గరే కలిశాయి. పూర్ణసంఖ్య 3 ఉందా 2 ఉందా అని చూస్తే తప్ప ఎవరు ఎక్కడ జారారో తెలియదు. 6 1/6 − 3 3/4 లో 7, 3, 5 అని మూడూ విడిపోతాయి. దిద్దేవారికి పిల్లల ఆలోచన అక్కడే కనిపిస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాక ఒక పేజీలో మిశ్రమ భిన్నం, ఎదురు పేజీలో మిక్స్‌డ్ ఫ్రాక్షన్ కనిపిస్తున్నాయి. రెండు పేజీల్లోనూ అవి పరిభాషే. హారం అంటే మెడలో వేసుకునేదని నవ్వుకునే పిల్లలకు భాగించేదనే అర్థం విడమరచాలి, లవం అంటే ముక్క అని చెప్పాలి. ‘పన్నెండు పేరున్న ముక్కలు అయిదు’ అని ఒకసారి నోటితో అనిపిస్తే 5/12 అనే గుర్తుకు ప్రాణం వస్తుంది.

ఇక ఆ రెండో నోటుపుస్తకం. ఒకటి అప్పు తెచ్చి పది చేసిన అమ్మాయికి నియమం మళ్లీ చెప్పనక్కరలేదు. అదే లెక్కను గడియారంలోకి మారిస్తే సరిపోతుంది. 6 1/6 గంటలు అంటే ఆరు గంటల పది నిమిషాలు. 3 3/4 గంటలు అంటే మూడు గంటల నలభై అయిదు నిమిషాలు. పదిలోంచి నలభై అయిదు పోదు, ఒక గంట అప్పు తేవాలి. ఆ గంటను పది నిమిషాలని ఏ పిల్లా అనదు, అరవై అంటుంది. డెబ్బైలోంచి నలభై అయిదు పోతే ఇరవై అయిదు. గంటలు అయిదులోంచి మూడు పోతే రెండు. ఇరవై అయిదు నిమిషాలు గడియారం మీద ఎన్ని గళ్లో వేలితో లెక్కపెట్టమంటే, అయిదు. తన నోటుపుస్తకంలోని 3/12 పక్కన 5/12 తనే రాసుకుంటుంది. తిరగేసిన పిల్లవాడికీ ఇదే గడియారం పనికొస్తుంది. వాడి జవాబు మూడు గంటల ముప్పై అయిదు నిమిషాలు. మూడూ నలభై అయిదుకు అది కలిపి చూడమంటే ఏడూ ఇరవై అవుతుంది, ఆరూ పది కావాల్సిన చోట.